ముత్తాతకు దక్కిన తిట్లు

మా అమ్మాయి హాల్లో కూర్చుని గోళ్ళకు రంగు వేసుకుంటోంది. వంటింట్లో అనపగింజలు పితుకుతున్న అవ్వ చేతులు తుడుచుకుంటూ వచ్చి, సోఫా వెనక నిలబడి, కళ్ళు మూసుకుని ఊపిరి గట్టిగా పీల్చింది. తిడుతుందనుకున్నాను. పితికిపప్పు ఉడుకుతున్న ఇంట్లో ఇదేం కంపు అనే హక్కు ఆమెకు ఉంది.

"ఇది మా నాయిన వాసన" అంది అవ్వ.

మా అమ్మాయి సీసాకు మూత పెట్టడం మరిచిపోయి నా మొహం చూసింది. నగర్తపేట కొట్లోని ఫోటోలో మెలితిప్పిన మీసాలతో కూర్చున్న మా ముత్తాత, గులాబిరంగు గోళ్ళతో నా కళ్ళముందు నిలబడ్డాడు. నాకు నవ్వాగలేదు. అవ్వ మాత్రం నవ్వలేదు.

"విమానాల గుడ్డకు ఇట్లాంటిదే పూస్తా ఉండ్రి. డ్రమ్ములకు డ్రమ్ములు. మా నాయిన ఇంట్లోకొస్తే ఇల్లంతా ఇదే వాసన" అని చెప్పి, మళ్ళీ పోయి అనపగింజలు పితకడానికి కూర్చుంది.

అవ్వ అంటే మా అమ్మకు అమ్మ. తొంభై దాటింది. పుట్టిందీ పెరిగిందీ మనుమలను ఎత్తిందీ అంతా బెంగళూరు పాతపేట నగర్తపేటలోనే. అక్కడి పాతింట్లో స్నానాల గది పడగొట్టి కొత్తగా కడుతున్నారని మా ఫ్లాటుకు వచ్చింది. వచ్చేటప్పుడు రెండు చీరలు, ఒక గుండీల డబ్బా తెచ్చుకుంది. మా ఇంట్లో అన్నీ బాగున్నాయి గానీ జగడమాడేదానికి ఎవరూ లేరని ఆమెకు ఒకటే బేజారు.

గుండీల డబ్బా ఎందుకంటే మాది గుండీల ఇల్లు. ముత్తాత పెట్టిన కొట్టును ఇప్పుడు మా మేనమామ నడుపుతున్నాడు. గుండీలు, జిప్పులు, దారపు ఉండలు, అన్నీ హోల్‌సేల్. ఆ కొట్లో గల్లాపెట్టె మీద వేలాడే ఫోటోలో ముత్తాత చొక్కా మెడదగ్గర గుండీ లేదు, పిన్నీసు ఉంది. ఊరికంతా గుండీలు అమ్మినాయనకు పిన్నీసు ఏమిటని మేమంతా నవ్వుకుంటూనే పెరిగాం. నా ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో, ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడ్డట్టు, ప్రపంచంలోని తప్పులన్నీ పట్టుకునే నేను ఆ పిన్నీసు ఎందుకుందని ఒక్కసారీ అడగలేదు.

ఆ సాయంత్రం అడిగాను. బాల్కనీలో కూర్చున్నాం. మా బాల్కనీలోంచి బెళ్ళందూరు చెరువు కనిపిస్తుంది. చెరువు కనిపిస్తుందని చెప్పి మాకు ఈ ఫ్లాటు ఎక్కువ ధరకు అంటగట్టారు. మురుగు నురగ సంగతి, గాలి ఇటు తిరిగినప్పుడు కిటికీలు మూసుకోవలసిన సంగతి తరువాత మాకే తెలిసింది. అవ్వ ఆ చెరువును చుట్టపింటికి వచ్చిన మనిషిలా తేరిపార చూసింది.

"దీంట్లోనే దిగుతా ఉండె. నీళ్ళమీద పొట్ట ఆనించి, బాతు మాదిరి. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏండ్లు. మా నాయిన భుజంమీద ఎక్కించుకొని చూపించినాడు."

రెండో ప్రపంచయుద్ధ కాలం అది. నీళ్ళమీద దిగే పెద్ద పెద్ద విమానాలు సముద్రంమీద కావలి తిరిగి, మరమ్మతు అవసరమైతే ఇక్కడికి వచ్చి ఈ చెరువులో వాలేవట. ఒడ్డుకు లాగి, బాగుచేసి పంపేవారు. ఆ విమానాలకు తోకలో కదిలే రెక్కలకూ, పెద్ద రెక్క వెనక అంచుకూ రేకు కాదు, గుడ్డ. రేకు చట్రానికి గుడ్డ తొడిగి, మైనం పట్టించిన దారంతో కుట్టి, మీద ఆ వాసన మందు పూస్తే డోలు చర్మంలా బిగుసుకునేది. కుట్టడానికి చెయ్యి తిరిగిన దర్జీలు కావలసి వచ్చింది. నగర్తపేటలో పెళ్ళిచొక్కాలు కుట్టుకునే మా ముత్తాత అట్లా విమానాల కార్ఖానాలో చేరాడు.

ఇక్కడ మా వంశపు అలవాటు ఒకటి చెప్పాలి. కుట్టిన ప్రతి బట్టకూ చివరి కుట్టు నల్లదారంతో వేస్తారు, లోపలివైపు, కనపడకుండా. కొత్తబట్టకు దిష్టి తగలకూడదని. పెళ్ళికొడుకు చొక్కాకు వేసినా, పోలీసాయన చొక్కాకు వేసినా ఎవరూ కాదనలేదు. చొక్కాకే దిష్టి తగిలితే, ఊరంతా నోరు తెరుచుకుని చూసే విమానానికి తగలదా? ముత్తాత తాను కుట్టిన ప్రతి తోకకూ చివర్న ఒక నల్లకుట్టు వేస్తూ పోయాడు.

ఒకరోజు ఒక దొర అది చూశాడు. ఇదేమిటని అడిగాడు. దిష్టికని చెబితే, ఆ మాటను దొరకు ఇంగ్లీషులో చెప్పగల మొనగాడు అక్కడ ఎవరూ లేకపోయారు. తప్పుడు దారమని అందరిముందూ తిట్టి విప్పించాడు. ముత్తాత నల్లకుట్టు కోసి, దాంతోపాటు ఊడివచ్చిన చివరి ముడిని తెల్లదారంతో మళ్ళీ వేశాడు. కోపంతో వేశాడు. ఆ విమానం ఎగిరి వెళ్ళిపోయింది. తరువాత కొన్నాళ్ళకు, మన చెరువులోంచి పైకి లేచిన విమానం ఒకటి తూర్పు సముద్రంలో పడిందని కార్ఖానాలో గుసగుస లేచింది. ఏ విమానమో, ఎందుకు పడిందో, మనుషులు ఏమయ్యారో ఎవరూ చెప్పలేదు. యుద్ధంలో అట్లాంటివి చెప్పరు.

"కోపంలో వేసిన ముడి నిలవదని మా నాయినకు పని నేర్పినాయన చెప్తా ఉండెనంట. అదే పట్టుకున్నాడు. ఇంటికొచ్చి సూదులపెట్టె అటకమీద పెట్టినాడు. మళ్ళా దించలేదు. కొట్టు పెట్టుకొని గుండీలు అమ్మినాడే గానీ ఒక గుండీ కుట్టలేదు. ఆయన చొక్కా గుండీలన్నీ నేనే కుడతా ఉంటి. నాకు పెండ్లయినాక పిన్నీసు పెట్టుకున్నాడు" అంది అవ్వ.

అవ్వ చెరువు వైపే చూస్తూ ఉంది.

"పోయే ముందర కూడా అదే అడిగినాడు. ఆ ముడి ఊడిపోయిందేమో అమ్మా, అని. ఏం చెప్పేది? లేదు నాయినా అంటి. నాకేం తెలుసని అంటి? సుమ్నె, ఊరికే అంటి. ఇన్నేండ్లయినా అదొకటి నాకు తెలియకుండానే ఉండాది."

ముత్తాతమీద జాలి కంటే అవ్వమీద ప్రేమ ఎక్కువైంది. ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి చొక్కాకు గుండీ కుట్టడం మొదలుపెట్టిన మనిషి, తొంభై దాటినా ఆయన ప్రశ్నను పెట్టుకుని కూర్చుంది. లోపలికి పోయి కాఫీ తెచ్చిచ్చాను.

ఇప్పుడు ఎనిమిదో అంతస్తు తాతగారి సంగతి. ఆయనది భీమిలి దగ్గర బెస్తపల్లె. ఓడరేవులో పనిచేసి రిటైరయ్యి, కూతురు దగ్గర ఉంటున్నాడు. ఎనభై దాటినా మనిషి తాటిమొద్దు. బెంగళూరులో ఆయనకు నచ్చనిది ఒక్కటే, సముద్రం లేకపోవడం. సాయంత్రమయితే కింద పిల్లల ఉయ్యాలల పక్క బెంచీమీద కూర్చుని, వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ ఆపి సముద్రం కథలు చెబుతాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే నేను ఆఫీసు క్యాబు దిగగానే ఫోను చెవికి ఆనించుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ లిఫ్టులోకి పరుగెత్తేదాన్ని. ఆయన కథల్లో ఒకటి దొరల రబ్బరు పడవ కథ అని పిల్లలంతా అనేవారు. నేను ఎప్పుడూ పూర్తిగా వినలేదు.

అవ్వ మాటలు విన్న మర్నాడు ఫోను సంచిలో వేసి నేరుగా ఆ బెంచీమీద కూర్చున్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు. రబ్బరు పడవ కథ చెప్పమన్నాను. పళ్ళు లేని నోటితో చెవుల దాకా నవ్వాడు.

"అప్పటికి నాను పాలుతాగీవోణ్ణి. మా అయ్య సెప్పీవోడు. మా అయ్య, మా సిన్నాయన, ఇద్దరూ తెప్పమీద ఏటకెళ్ళేరు. తెల్లారీతలికి నీళ్ళమీద పసుప్పచ్చగా ఏదో తేలతంది. సేప గాదు, పడవా గాదు. దగ్గిరికెళ్తే అందులో అయిదుగురు మనుసులు. ఎర్రగా కాలిపోయి ఉన్నారు ఎండకి. ఒకడు ఊదీ ఈల ఊదతన్నాడు గానీ, ఊపిరి నేక పలకట్లేదు."

వాళ్ళు దొరలో జపానువాళ్ళో తెలియదు. అంతకుముందే విశాఖపట్నంమీద బాంబులు పడి, జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకు పారిపోయిన కాలం. శత్రువు సముద్రంమీంచి వస్తాడు, కనపడితే కబురు చెయ్యండని చాటింపు వేసి ఉన్నారు. తాతగారి నాన్న తెప్పను దూరంగానే ఆపేశాడు. వెనక్కి పోయి కబురు చేద్దామన్నాడు. చిన్నాయన ఒప్పుకోలేదు.

"మా సిన్నాయన అన్నాడంట, ఒరే, జపానోడికి మాత్రం దాహమెయ్యదేట్రా అని. సముద్రంలో తేలీ మనిసిని ఒగ్గీసొచ్చినోడి వలలో మరి సేప పడదు, అది మా కులంలో మాట. ఆ మాట దాటి ఎవుడూ బతకలేడు. తాగీ నీళ్ళకుండ అందించేరు. అయిదుగురూ ఆ కుండ కోసం కొట్టుకోలేదు. కాలిరిగినోడికి ముందు పట్టేరు. అప్పుడు మా అయ్యకి ధైర్నమొచ్చింది, మంచోళ్ళేలే అని."

ఆ రబ్బరు పడవను వలతాళ్ళతో తెప్పకు కట్టి ఒడ్డుదాకా లాక్కొచ్చారు. ఒడ్డుదగ్గర కెరటాలు పెద్దవి, రబ్బరు పడవ తిరగబడుతుంది. అందుకని ఒక్కొక్కణ్ణీ తెప్పమీద బోర్లా పడుకోబెట్టి, ఆ దుంగలను పట్టుకోమని సైగచేసి, కెరటం తరువాత కెరటం చూసుకుంటూ దాటించారు. ఈల ఊదినవాడు చివరిదాకా రబ్బరు పడవలోనే ఉండి, మిగిలిన వాళ్ళు అందరూ దాటాకే ఎక్కాడు. ఇసకలో పడ్డాక పల్లె ఆడవాళ్ళు గంజి, కాల్చిన ఎండుచేప పెట్టారు. ఒకడు తిని ఇంకా కావాలన్నాడు. ఒకడు తినలేక ఏడ్చాడు. మర్నాడు మిలిటరీ లారీ వచ్చి వాళ్ళను తీసుకుపోయింది. పోతూ పోతూ ఈలవాడు తన పసుపుపచ్చని తేలే కోటు విప్పి తాతగారి నాన్నకు తొడిగాడు. ఆయన దాన్ని తమ్ముడి పెళ్ళికి తొడుక్కుని వెళ్ళాడట. పెళ్ళికొడుకు కంటే ఆయనకే ఎక్కువ గౌరవం జరిగిందట.

నేను నవ్వుతూనే అసలు మాట అడిగాను. "తాతగారూ, విమానం ముక్కలేమైనా ఒడ్డుకు కొట్టుకొచ్చాయా?"

"ఎందుకు రానేదు? తోక ముక్క ఒచ్చింది, గుడ్డతోటి. దాని సంగతడక్కమ్మా. ఆ గుడ్డతోటి మాయమ్మ ఎంత ఏడ్చిందో" అన్నాడు. అంతలో మాత్రల వేళ అయిందని కూతురు పైనుంచి కేక వేసింది. ఆయన లేచి వెళ్ళిపోయాడు.

నేను ఉయ్యాలల దగ్గరే కూర్చుండిపోయాను. ఏడ్చిందంటే ఎందుకు? గుడ్డ పీలికలై వచ్చిందా? కుట్లు విడిపోయి ఉన్నాయా? అడిగితే తెలిసిపోతుంది, తెలిస్తే అవ్వకు చెప్పాలి. అబద్ధం చెబితే ఆమె నా మొహం చూసి పట్టేస్తుంది. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. చివరికి ఈ ఇద్దరు ముసలివాళ్ళనూ కలవనివ్వకూడదని తీర్మానించుకున్నాను. అవ్వను పొద్దున ఆఫీసుకు పోయే ముందు మాత్రమే కిందికి తీసుకుపోయాను, అదీ వెనకవైపు లిఫ్టులో. రాత్రి మా ఆయనకు ఇదంతా చెబితే, "అది వేరే విమానమై ఉంటుంది" అన్నాడు. అది నాకూ తెలుసు. నీళ్ళమీద దిగే విమానాలు ఆ రోజుల్లో ఎన్నో తిరిగాయి, అన్నీ మా ముత్తాత చేతిమీదుగా పోలేదు. తప్పులు పట్టే ఉద్యోగం నాది. ఆయన సాయం నాకు అక్కర్లేదని చెప్పి అన్నం వడ్డించాను.

నా తీర్మానం ఆదివారం దాకా నిలిచింది. గుండీలు దాన్ని చెడగొట్టాయి.

అవ్వ వచ్చిన మొదటివారంలో వాచ్‌మన్ చొక్కాకు గుండీ లేదని పిలిచి కుట్టింది. అంతే, అపార్టుమెంటులో గుండీ ఊడిన ప్రతి చొక్కా మా తలుపు తట్టడం మొదలుపెట్టింది. ఆదివారం పొద్దున తలుపు తీస్తే ఎనిమిదో అంతస్తు తాతగారు, చేతిలో తెల్లచొక్కాతో. "బొత్తాం ఊడిపోనాది. మీ ఇంట్లో ముసలమ్మగారు కుడతారంట గదా" అన్నాడు.

చొక్కా లాక్కుని, కుట్టించి పంపిస్తానని తలుపు వెయ్యబోయాను.

"ఎవరప్పా అది? లోపలికి రానీ. కొలత చూడొద్దా, గుండీకి?" అంది అవ్వ లోపలినుంచి. గుండీకి కొలత ఏమిటో నాకు తెలియదు. మనిషి దొరికితే మాట్లాడాలని ఆమె ఆశ, అంతే.

ఆయన వచ్చి కూర్చున్నాడు. అవ్వ డబ్బాలోంచి సరిపోయే గుండీ ఏరి, సూదికి దారం ఎక్కించింది. ఇప్పటికీ కళ్ళద్దాలు లేకుండా ఎక్కిస్తుంది. నేను వంటింట్లోకి పోయి కాఫీ పెట్టి వచ్చేలోపల ఆయన బాల్కనీ వైపు చూసి "ఇయ్యీ నీళ్ళేనా?" అనడం, "ఈ నీళ్ళమీదే విమానాలు దిగినాయప్పా" అని అవ్వ అనడం, "మా సముద్రంలోనూ దిగిందమ్మా ఒకటి" అని ఆయన అందుకోవడం అయిపోయాయి. గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను.

అవ్వ చేతిలోని సూది ఆగింది. "పడిందా, దిగిందా?"

"పడిందమ్మా."

"మనుషులు?"

ఆయన కథ మొదటినుంచీ చెప్పాడు. ఆయన తెలుగు అవ్వకు సగమే తెలిసింది, అవ్వ తెలుగు ఆయనకు సగమే తెలిసింది. మధ్యలో కూర్చుని తెలుగును తెలుగులోకి చెప్పే పని నాకు పడింది. కుండ నీళ్ళు కాలు విరిగినవాడికి ముందు పట్టిన చోట అవ్వ తల ఊపింది. కెరటాలు దాటించిన చోట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిదుగురూ లారీ ఎక్కారని విన్నాక, "బతికినారు గదా. అదొకటి మా నాయినకు తెలిసుంటే ఇంత అన్నం ఎక్కువ తింటా ఉండె" అంది. తరువాత, నేను భయపడుతున్న మాటే అడిగింది.

"తోక ఏమైందప్పా? దానికి గుడ్డ ఉంటుంది."

"తోక ముక్క ఒడ్డుకి కొట్టుకొచ్చిందమ్మా, నాల్రోజులకి" అన్నాడాయన.

అవ్వ చొక్కాను ఒళ్ళో పెట్టుకుంది. సూదిని గుడ్డకు గుచ్చి వదిలేసింది. ఆమె చేతులు ఖాళీగా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు.

"కుట్లు విడిపోయి ఉండెనా?"

నేను దాన్ని ఆయన తెలుగులోకి మార్చలేదు. మార్చవలసిన అవసరం లేకపోయింది. ఆయన మొహం చిట్లించి, అవ్వను ఎగాదిగా చూశాడు.

"ఇడిపోడమా? ఆ కుట్లా? అయ్యి ఇడిపోతే మాయమ్మ ఎందుకేడుస్తాదమ్మా?"

అప్పుడు చెప్పాడు. వాళ్ళ పాక వంటింటి కప్పు కారుతోందట. విమానం గుడ్డకు నీళ్ళు దిగవని చూసి, వాళ్ళమ్మ దాన్ని చట్రంనుంచి చింపకుండా విప్పి కప్పుమీద పరచాలనుకుంది. చేపల కత్తి పట్టుకుని కూర్చుంది. ఒక ముడి కోస్తే దారం జర్రున వస్తుందనుకుంది. రాలేదు. ప్రతి కుట్టుకూ విడిగా ముడి ఉంది. ఒకటి కోస్తే రెండోది నిలబడింది, రెండోది కోస్తే మూడోది. పొద్దంతా కూర్చుంటే జానెడు విడిపడింది. కత్తి మొన విరిగింది, బొటనవేలు తెగింది. అప్పుడే ఏడ్చింది, కోపంతో. చివరికి విప్పడం మానేసి, చట్రంతో సహా ఎత్తి వంటింటికి తలుపుగా కట్టించింది.

"మా ఇంటి తలుపు అదేనమ్మా. నాను దాని ముడులు తడుంకుంటూ పెరిగేను. తుఫానొచ్చి పాక కప్పెగిరిపోనాది, గోడ పడిపోనాది, ఆ తలుపు మాత్రం అలగే నిలబడింది. ఒక్క ముడీ ఊడనేదు. మాయమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ తలుపు తీసినపుడల్లా, ఏసినపుడల్లా ఆ దరిజీగాణ్ణి తిట్టీది."

అవ్వ ముందుకు వంగింది. "చివర్న నల్లదారం కుట్టు గానీ, అది కోసిన గుర్తు గానీ ఏమన్నా ఉండెనా?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "నలుపంటే అంతా నలుపేనమ్మా. వంటింటి పొగ గదా."

అవును, పొగ. తెలుసుకోగలిగింది అంతే. అవ్వ వెనక్కి వాలింది. కాఫీ చల్లారిపోతోందని గుర్తుచేశాను. ఎవరూ పట్టించుకోలేదు.

"ఏమని తిడతా ఉండె, మీ యమ్మ?" అని అడిగింది అవ్వ.

ఆయన సిగ్గుపడ్డాడు. ఆడవాళ్ళ ముందు ఎలా చెప్పడం అన్నట్టు నా వైపు చూశాడు. ఎనభై ఏళ్ళ మనిషి చెవులు ఎర్రబడడం నేను చూడడం అదే మొదటిసారి. "ఒద్దులేమ్మా, బెస్తోళ్ళ తిట్లు" అన్నాడు.

"చెప్పప్పా. నేను నగర్తపేటలో పుట్టినదాన్ని. నా చెవులకు కొత్త తిట్లు ఏమీ లేవు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. చెప్పేటప్పుడు ఆ గొంతు ఆయనది కాదు, చేపలబుట్ట దించుకుని గుమ్మంలో నిలబడిన ఆడమనిషిది. "ఆడి సేతులిరిగిపోనూ, ఆడి సూది తుప్పట్టిపోనూ, ఇంత గట్టిగా ఎవుడు కుట్టమన్నాడ్రా ఆణ్ణి! ఆడి పెళ్ళాం రవికె కూడా ఇలగే కుడతాడేటి? దాని ఊపిరాడుతుందా?"

నా చేతిలో గ్లాసు ఒలికింది. అవ్వ నవ్వింది. ముందు శబ్దం లేకుండా భుజాలు కదిలాయి, తరువాత ఇల్లంతా వినపడేట్టు నవ్వింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. మా అమ్మ రవికెలు ఎప్పుడూ బిగుతే అప్పా, ఆయమ్మ చూసినట్టే చెప్పింది, అని నవ్వు మధ్యలో అంది. ఆయన కూడా నవ్వడం మొదలుపెట్టాడు, ఎందుకో తెలియకుండానే.

"ఇంకొకసారి చెప్పప్పా" అంది అవ్వ.

చెప్పాడు. మా అమ్మాయి గదిలోంచి వచ్చింది, ఆమె కోసం మళ్ళీ చెప్పాడు. మా ఆయన వచ్చాడు, ఆయన కోసం కూడా. అప్పటికి తాతగారికి సిగ్గు పోయి, చెయ్యి తిప్పడం కూడా కలిసింది. అప్పుడు గానీ మా ముత్తాత సంగతి ఆయనకు చెప్పలేదు. విన్నాక ఆయన లేచి నిలబడి, అవ్వకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "తప్పయిపోనాదమ్మా, మాయమ్మ తెలీక తిట్టీసింది" అన్నాడు. "తెలిసి తిట్టుంటే ఇంత బాగా తిట్టేది కాదప్పా" అంది అవ్వ.

ఆ తరువాత గుండీ కుట్టింది. ఎంత గట్టిగా కుట్టిందంటే, చొక్కా చిరిగినా ఆ గుండీ ఉంటుంది.

ఆయన వెళ్ళాక, మా ఆయన ఉండబట్టలేక, అది ఇదే విమానమని ఏముంది అని మొదలుపెట్టాడు. నేను కళ్ళు ఉరిమేలోపలే అవ్వ అందుకుంది. "అదేనని నేను అన్నానా? కార్ఖానాలో ఆ ముడి మా నాయినే అందరికీ నేర్పించినాడు. ఆయన వేసిందో, ఆయన నేర్పినోడు వేసిందో, వేసింది నిలిచింది. కోపంలో వేసిందాంట్లో కోపం ఉంటుందేమో గానీ, ముడి ముడే గదా." తప్పులు వెతకడం నా వృత్తి అయినా, ఆ మాటలో నాకు ఒక్క తప్పూ దొరకలేదు. దొరికినా చెప్పేదాన్ని కాదు.

స్నానాల గది పని అయిపోయిందని మామ ఫోను చేశాక అవ్వను నగర్తపేటకు దించడానికి నేనే వెళ్ళాను. సందులోకి కారు పోదు. చివర్న దిగి, సైకిళ్ళమీద బట్టల తానుల మధ్యనుంచి, బండ్లవాళ్ళ కేకల మధ్యనుంచి ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించాను. జగడమాడేదానికి మనుషులున్న చోటికి వచ్చానని ఆమె నడకలోనే తెలిసింది. ఇంట్లోకి పోలేదు. నేరుగా కొట్లోకి వచ్చింది. మామ జిప్పులు తూస్తున్నాడు, ముందర ఇద్దరు బేరగాళ్ళు నిలబడి ఉన్నారు.

అవ్వ గల్లాపెట్టె పక్కన స్టూలు వేయించుకుని కూర్చుంది. తలెత్తి, మెడదగ్గర పిన్నీసు పెట్టుకున్న తండ్రి ఫోటో వైపు చూసింది.

"నాయినా," అంది, "నిన్నొకామె బతికినన్నాళ్ళూ తిట్టిందంట. విను."

చేతులు విరిగిపోవడం దగ్గర మొదలుపెట్టి, రవికెలో ఊపిరాడకపోవడం దాకా, ఆ ఊరి యాసతో సహా, చెయ్యి తిప్పుతూ చెప్పింది. మామ తూకం ఆపేశాడు. బేరగాళ్ళు నోళ్ళు తెరిచారు. చెప్పడం అయ్యాక అవ్వ ఫోటో వైపు ఒక్క క్షణం చూసి, మళ్ళీ మొదటినుంచీ, ఈసారి గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టింది. పోయే ముందు ముత్తాతకు చెవుడు వచ్చిందని నాకు అప్పుడు గుర్తొచ్చింది.